చౌక దాణా.. పరీక్షిస్తేనే లాభం
అనపర్తి: గుడ్డు ఉత్పత్తి వ్యయంలో 60 నుంచి 70 శాతం దాణాదే. అందులో మాంసకృత్తులకు ప్రధాన ఆధారం సోయా చెక్క. 2021లో దాని ధర ఆకాశాన్నంటింది. ఆ ఏడాది ఆగస్టులో 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి కేంద్రం అనుమతించాల్సి వచ్చింది. ఒకే సరకుపై ఆధారపడితే ముప్పేనని తూర్పుగోదావరి కోళ్ల రైతులకు ఆ అనుభవం చాటింది.

ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. ఇథనాల్ కర్మాగారాల్లో నూకల నుంచి మిగిలే డీడీజీఎస్‌లో మాంసకృత్తులు 40 శాతం దాటుతాయి. సోయా చెక్కలోనూ ఇంచుమించు 45 శాతమే. అయినా రెండూ సమానం కావు. డీడీజీఎస్‌లో లైసిన్ తక్కువ. ఆ లోటును విడిగా పూరించాలి. తేమ మిగిలితే బూజు పట్టి అఫ్లటాక్సిన్ విషం చేరుతుంది. వేరుశనగ చెక్కకూ ఇదే బెడద. పత్తి గింజల చెక్కలోని గాసిపాల్ వల్ల నిల్వ గుడ్లలో పచ్చసొన రంగు మారుతుంది. ఎండుచేపల పొడిలో ఇసుక, ఉప్పు కల్తీ పాత సమస్యే.

పెద్ద సంస్థలకు సొంత ప్రయోగశాలలుంటాయి. చిన్న రైతుకు వ్యాపారి మాటే ఆధారం. గుడ్ల దిగుబడి పడిపోతే దాణాపై ఆదా చేసిందంతా హరించుకుపోతుంది. తక్కువ రుసుముతో దాణా పరీక్షలు చేరువైతేనే ప్రత్యామ్నాయం చిన్న రైతుకు అక్కరకొస్తుంది.