బైకును ఎత్తొద్దు, నెట్టి ఎక్కించండి

ఆళ్లగడ్డలో పికప్ నడుపుతాను. ఎగువ అహోబిలం ఘాట్‌లో ఆగిపోయిన బైకులను మెకానిక్ దగ్గరికి చేరుస్తుంటాను. నలుగురు కలిసి బైకును అమాంతం పైకెత్తుతుంటే నాకు భయమేస్తుంది. స్ప్లెండర్ దాదాపు 112 కిలోలు, క్లాసిక్ 350 దాదాపు 195. ఒకరి చెయ్యి జారితే ఇంకొకరి కాలు విరుగుతుంది.

ఇక్కడ కావాల్సింది కండబలం కాదు, పద్ధతి. పికప్‌ను రోడ్డు పక్క గట్టుకు ఆనేలా వెనక్కి తెచ్చి హ్యాండ్‌బ్రేక్ వేయాలి. గట్టు మీది నుంచి పికప్‌లోకి మందపాటి పలక వేసి, జారకుండా కట్టాలి. ఇంజిన్ ఆపి, ఒకరు హ్యాండిల్ పట్టుకుంటే ఇద్దరు పక్కల నుంచి నెట్టాలి. వెనకాల సూటిగా ఎవరూ నిలబడకూడదు. ముందు చక్రాన్ని క్యాబిన్ వైపు గోడకు ఆనించి, గేరులో ఉంచి, ఫోర్కు కాస్త కుంగేలా ఇరువైపులా తాళ్లు బిగించాలి. వెనక మరో రెండు. సైడ్ స్టాండును నమ్ముకుంటే నల్లమల మలుపుల్లో బండి పడిపోతుంది. కొంతదూరం పోయాక ఆగి, తాళ్లు మళ్లీ బిగించాలి.

దిగువ అహోబిలంలో పికప్ ఎత్తుకు సరిపడా ఒక సిమెంటు గట్టు కట్టించాలని పంచాయతీని కోరుతున్నాను. అందాకా పలక, నాలుగు గట్టి తాళ్లు లేని పికప్‌లో మీ బైకు ఎక్కించకండి.