బంగారు గ్రుడ్డును చూచు విధము

రష్యాదేశమున సెయింట్ పీటర్స్‌బర్గు నగరమందు, ఫొంటాంకా నదీతీరముననున్న షువలోవ్ సౌధములో 2013వ సంవత్సరమున ఫేబర్జే ప్రదర్శనశాల తెరువబడెను. జారు చక్రవర్తులు ఈస్టరు పండుగకు తమ రాణులకును తల్లులకును కానుకగా నిచ్చిన గ్రుడ్లు తొమ్మిది అచ్చట గలవు.

వానిలో 1897వ సంవత్సరపు పట్టాభిషేకపు గ్రుడ్డు మిక్కిలి ప్రసిద్ధము. పసుపువన్నె ఎనామెలు పూసిన యా బంగారు గ్రుడ్డును తెరచినచో, 1896లో రాణి మాస్కో నగరమును ప్రవేశించిన బండియొక్క చిన్న ప్రతిరూపము కనబడును. దానిని చేసిన పనివాడు జార్జి స్టెయిన్. అట్టి యోర్పు విద్యార్థులకెల్ల ననుకరణీయము.

కాని యా పట్టాభిషేకోత్సవములందే, ఖొడింకా మైదానమున ఎనామెలు గిన్నెయు రొట్టెయు పంచిపెట్టెదరని విని లక్షలకొలది ప్రజలు గుమిగూడిరి. త్రొక్కిసలాటలో 1,300 మందికి పైగా మరణించిరి. రాణికిని ఎనామెలు కానుకయే, బీదలకును ఎనామెలు కానుకయే. రెంటికిని నడుమ నెంత యంతరము!

గ్రుడ్డును చూడవలదని నేననను. పనివానియందు దోషము లేదు. అయినను "దీని వెల యెంత?" యని యడుగుటకు ముందు, "దీనిని చేసిన చేతులెవ్వరివి? ఆ యుత్సవమునకు వచ్చి యిల్లు చేరనివారెవ్వరు?" అని విచారించుట మన విధి. అట్లు చూచువారికే యా ప్రదర్శనశాల విద్యాలయమగును.