స్పీకరు కొనుటకు ముందు

మన్సూరాబాదు, నాగోలు, వనస్థలిపురము, లాల్‌బహదూర్ నగర్ మొదలగు పేటలు హైదరాబాదు మహానగరమునకు తూర్పువాకిళ్లు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము ప్రాంతములనుండి వచ్చి యిచట స్థిరపడిన కుటుంబములు పెక్కు గలవు. వారిలో పలువురకు పల్లెలో కొంత పొలమును, పట్టణమున నూటయేబది గజములలో నొక యిల్లును గలవు. ఉద్యోగవిరామము పొంది, బిడ్డల బాధ్యతలు తీరినపిదప, జీవితమంతయు వాయిదా వేసికొనుచు వచ్చిన ముచ్చట యొకటి తీర్చుకొనవలెనని వారికి తోచుట సహజము. కొందఱు తీర్థయాత్రలకు బోవుదురు. కొందఱు మంచి సంగీతమును ఇంట గూర్చుండి వినగోరుదురు. ఈ రెండవవారికి అంగడిలో ఎదురగు చిక్కు స్పీకర్ల యెన్నిక. జత వెల కొన్ని వేల రూపాయలతో మొదలై కొన్ని లక్షలకు బోవుచున్నది. ఇంత సొమ్ము వెచ్చించువాడు దేనిని జూచి కొనవలెను? ఈ విషయమున మా యభిప్రాయమును దాపఱికము లేక తెలుపుట యుచితమని తలంచుచున్నాము.

మా చిరకాలమిత్రులొకరు మన్సూరాబాదు నివాసులు. ముప్పదియేండ్లు ఉపాధ్యాయవృత్తి సాగించినవారు. త్యాగరాజస్వామి కీర్తనలన్న, పాత చలనచిత్ర గీతములన్న వారికి ప్రాణము. పదవీవిరమణ సమయమున చేతికందిన సొమ్ములోనుండి నాలుగు లక్షలు తీసి, మనిషి ఱొమ్మెత్తున నిలుచు విదేశీ స్పీకర్ల జతను గొనిరి. దుకాణములో విన్నపుడు అవి యద్భుతముగా పలికెనట. ఆ దుకాణపు గది విశాలమైనది. నేలనిండ దట్టమైన తివాచి, గోడలకు నాదమును పీల్చు పలకలు. మిత్రుల యింటి ముందుగది 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు. నేల చలువరాయి, ఒకవైపు పెద్ద గాజుకిటికీ, తక్కిన గోడలు బోసి. ఆ గదిలో మృదంగపు మ్రోత పాటను మ్రింగివేసెను. సాహిత్యము తెలియరాదయ్యెను. పాట పెట్టిన అరగంటకు ఇంటివారొక్కొక్కరే లేచి లోనికి బోవ నారంభించిరి. దుకాణదారునకు మొఱపెట్టుకొనగా, ఖరీదైన తీగెలును, మఱింత పెద్ద ఆంప్లిఫైయరును కొనుమని సలహా చెప్పెను. ఆ సలహాకు మఱియొక లక్ష కరగెను. ఏడాది తిరుగకముందే ఆ స్పీకర్లను కొన్న వెలలో సగమునకు అమ్ముకొనిరి.

ఆ స్పీకర్లు చెడ్డవి కావు. దోషము వానిని ఎన్నుకొన్న పద్ధతిలో గలదు. ఇంటిని జూచి ఇల్లాలిని జూడుమని మన పెద్దలన్నారు. స్పీకరు విషయమున ఆ మాట అక్షరసత్యము. నాదము పెట్టెలో పుట్టినను గదిలో పెరుగును. ఏ గదికైనను కొన్ని సహజస్వరములు గలవు. ధ్వని వేగమును గది పొడవునకు రెండింతలతో భాగించిన, ఆ పొడవునకు చెందిన మొదటి స్వరము తేలును. మన వేసవివేడిమికి ధ్వని సెకనుకు సుమారు 1145 అడుగులు పోవును. కావున 14 అడుగుల పొడవు సెకనుకు 41 కంపముల దగ్గఱను, 12 అడుగుల వెడల్పు 48 దగ్గఱను మ్రోగును. వాని రెండింతలైన 82, 95 దగ్గఱ మరల మ్రోగును. బేస్ గిటారు కడపటి తంతి 41 కంపములు గలది. మృదంగపు ఎడమవైపు నాదమును, పురుషగాయకుని మంద్రస్థాయియు 82, 95 చుట్టుపట్ల సంచరించును. ఆ పెద్ద స్పీకర్లు ఈ క్రిందిస్వరములను బలముగా వెలువఱచినవి. గది వానిని ఇంకను పెంచినది. మిత్రులు చోటు కలిసివచ్చునని స్పీకర్లను మూలల నిలిపిరి. గోడకును మూలకును చేరువైనకొలది క్రిందిస్వరములు హెచ్చును. ఇక గది పొడవు వెడల్పులు సమానమైనచో రెండు స్వరములు నొక్కచోటనే కూడి బాధ యినుమడించును.

కాబట్టి కొనదలచినవారు మొదట అంగడికి గాక తమ గదికి టేపు పట్టవలెను. చిన్నగదికి చిన్నస్పీకరే మేలు. దానిని గోడకు రెండు మూడడుగుల యెడముగా, గట్టిపీటపై, పైస్వరములు పలుకు భాగము కూర్చున్నవాని చెవియెత్తునకు వచ్చునట్లు నిలుపవలెను. రెండు స్పీకర్లకు నడుమనున్న దూరమెంతయో, వినువానికిని వానికిని దూరము నంతయే యుండుట మంచిది. కుర్చీని వెనుకగోడకు ఆనించి వేయరాదు. చలువరాతినేలపై జంపఖానాలు, కిటికీకి మందమైన తెర, గోడకు పుస్తకముల బీరువా యుంచిన గాజు మ్రోగినట్టి కర్కశధ్వని చాలవఱకు తగ్గును. వరంగల్లు జంపఖానాలకు 2018లో భౌగోళికగుర్తింపు వచ్చినది. వానికి ఇంతకంటె మంచి యుపయోగమేమి? అయితే బట్టలు పైస్వరములనే పీల్చును. మృదంగపు హోరును ఆపజాలవు. దానికి స్పీకర్ల చోటు మార్చుటయు, కుర్చీ చోటు మార్చుటయు ప్రథమౌషధములు. ఇందుకు దమ్మిడీ ఖర్చు లేదు.

రెండవ విషయము కన్ను చెవిని మోసగించుట. కెనడా జాతీయ పరిశోధనమండలిలో ఫ్లాయిడ్ టూల్ అను శాస్త్రజ్ఞుడు శ్రోతలకు స్పీకర్లు కనబడకుండ చేసి వినిపించి, వారి తీర్పులను 1985, 1986 సంవత్సరములలో ప్రకటించెను. వినికిడి చక్కగా నున్నవారిలో అధికసంఖ్యాకులు ఒకే తీరు స్పీకరును మెచ్చిరి. ఏ స్వరమును అతిగా పెంచక, అణచక, ఎదుటికిని ప్రక్కలకును సమముగా నాదమును పంపునదే వారికి నచ్చినది. తరువాత 1994లో ఆయనయు షాన్ ఆలివ్ అను నాయనయు కలిసి చేసిన పరీక్షలో, స్పీకర్లు కనబడుచున్నపుడు శ్రోతలిచ్చిన తీర్పులు, తెరచాటున నున్నపుడిచ్చిన తీర్పులతో సరిపడలేదు. పరిమాణము, పేరు, వెల కంటికి దెలిసినంతనే చెవి వానికి లోబడినది. చదువుకొన్నవారికిని, అనుభవజ్ఞులకును ఈ బలహీనత తప్పలేదు. మనము అంగడిలో మెఱుగుపెట్టిన కొయ్యపెట్టెను, దానిపై విదేశీనామమును జూచి, ఆహా యనుటలో వింత యేమున్నది?

ఈ మోసమునకు మందు గలదు. రెండు జతలను సరిపోల్చునపుడు ఎదుట నొక పలుచని బట్ట వ్రేలాడగట్టుమని దుకాణదారుని కోరుడు. రెంటిని సమానమైన బిగ్గఱతో వినిపింపుమనుడు. ఒక డెసిబెల్ హెచ్చుగా మ్రోగునదియు మెఱుగైనదిగా తోచును. అమ్మజూపు జతను కొంచెము బిగ్గఱగా పెట్టుట అంగళ్ల నెఱుగనివారికి తెలియని కిటుకు. అన్నిటికంటె ముఖ్యముగా, వారముదినములు ఇంట నుంచుకొని వినుటకు అంగీకరింపని చోట లక్షల బేరము చేయకుడు. పెండ్లిచీరనైనను ఇంటికి గొనిపోయి నలుగురకు జూపి నిశ్చయించు జాతి మనది. నాలుగులక్షల వస్తువును ఇరువది నిమిషములలో నిశ్చయింపవలెనా?

మఱి ఏమి వినవలెను? దుకాణదారు పెట్టు పాటలు ఆ స్పీకర్లకు నప్పునవిగా నేరినవి. అవి మన మెఱుగని దేశపు వాద్యములు, మన మెఱుగని కంఠములు. వానిలో తప్పేదో ఒప్పేదో మన చెవికెట్లు తెలియును? మనకు కంఠస్థమైన సంగీతమును వెంట గొనిపోవలెను. తంబురశ్రుతిని మించిన పరీక్ష లేదు. గుఱ్ఱముపై తంతిక్రింద నుంచు నూలుపోగువలన ఒక్క మీటునుండి అసంఖ్యాకములైన పైస్వరములు పుట్టునని సర్ చంద్రశేఖర వేంకటరామన్ 1921లో విచారించి వ్రాసెను. ఆ స్వరములు ఒకదానివెంట నొకటి విచ్చుకొనుట మంచి స్పీకరులో స్పష్టముగా వినబడును. చెడ్డదానిలో తంబుర తేనెటీగల రొదయై పోవును. మృదంగము చర్మవాద్యమయ్యు శ్రుతిబద్ధముగా పలుకుటకు నడుమనున్న నల్లనిపూత కారణమని ఆయనయే 1920లో చూపెను. దెబ్బదెబ్బకు ఆ శ్రుతి తెలియుచున్నదా, లేక వట్టి చప్పుడే వినబడుచున్నదా గమనింపుడు. షేక్ చినమౌలానాగారి నాదస్వరమును పెట్టి, అది నిండుగా మ్రోగునో, చెవిని గీచునో చూడుడు. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి మంద్రస్థాయిలో అక్షరములు విడివిడిగా వినబడవలెను. ఘంటసాలవారి పాతపాటలు పెక్కు ఒక్క ధ్వనిమార్గమున ముద్రింపబడినవి; సరిగా నిలిపిన రెండు స్పీకర్లనుండి ఆ కంఠము నడుమ నొక్కచోటనే నిలిచి వినబడవలెను. నలువైపుల చెదరినచో ఆ జతయందో, దానిని నిలిపిన చోటునందో లోపము గలదు.

అంకెలను గూర్చియు రెండుమాటలు. 1935లో హైదరాబాదున డెక్కన్ రేడియో ప్రసారమారంభించినపుడు దాని ప్రసారశక్తి 200 వాట్లు. రేడియో ప్రసారము వేఱు, ఇంటి ఆంప్లిఫైయరు వేఱు. అయినను ఒక్క ముందుగదికి 200 వాట్లు చాలవని వాదించువారిని జూచిన మాకు ఆ సంగతి జ్ఞప్తికి వచ్చును. స్పీకరు సున్నితత్వమును మొదట అడుగవలెను. మూడు డెసిబెళ్లు తక్కువైనచో రెండింతల శక్తి కావలెను. 84 డెసిబెళ్ల స్పీకరునకు, 90 డెసిబెళ్ల దానికంటె నాలుగింతల వాట్లు పెట్టినగాని సమానముగా మ్రోగదు. స్పీకరు విద్యున్నిరోధము నాలుగు ఓములకు దిగునదైన, దానిని మోయగల ఆంప్లిఫైయరు వలయును. ఇక తీగెల మాట. ఇండ్ల విద్యుత్తునకు వాడు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగె ఐదుమీటర్ల దూరమునకు రాకపోకలు కలిపి ఓములో పదునాల్గవవంతు నిరోధమైనను కలుగజేయదు. ఎనిమిది ఓముల స్పీకరునకు అది నూటికొక పాలుకంటె తక్కువ. మిత్రులు తీగెలకు వెచ్చించిన సొమ్మున గదికి తెరలు, జంపఖానాలు, బీరువాయు వచ్చియుండెడివి.

విదేశీవస్తువులన్నియు మోసమని మా వాదము గాదు. స్పీకరు నేటిరూపమే 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అనువారు ప్రకటించినది. బ్రిటిష్ ప్రసారసంస్థ తన వాహనములలో ఇరుకుచోటున ప్రసారమును సరిచూచుకొనుటకై 1970 తరువాత రూపొందించిన ఎల్.ఎస్. 3/5ఏ అను స్పీకరు అడుగు ఎత్తున్న చిన్నపెట్టె. మానవకంఠమును ఉన్నదున్నట్లు పలికించుటయే దాని పరమార్థము. దానిని నేటికిని రసికులు వెదకి కొనుచున్నారు. గుణము పరిమాణముననుసరించి యుండదనుటకు ఇది చాలదా? మన దేశమునను 1970లో కలకత్తాయందు స్థాపింపబడిన సోనోడైన్ వంటి సంస్థలు స్పీకర్లను నిర్మించుచున్నవి. పెరటిచెట్టు మందునకు పనికిరాదను భావముతో వానిని వినకయే త్రోసివేయుట తగదు. స్వదేశీయమని లోపమును సహించుటయు తగదు. తెరచాటున అన్నిటిని నిలిపి చెవి చెప్పినదానిని గైకొనుటయే న్యాయము. ఒక్క విషయము మాత్రము తప్పక విచారింపుడు: చెడిపోయిన నిక్కడ బాగుచేయువారు గలరా? విడిభాగములు దొరకునా? స్పీకరు కాగితపు గిన్నెచుట్టు నున్న అంచు నురుగుతో చేసినదైన మన యెండకును తేమకును కొన్నియేండ్లలో పొడియై రాలును. రబ్బరుదైన చాలకాలము నిలుచును. పదియేండ్ల తరువాత మన వాకిట నిలుచువాడు విదేశములోని వర్తకుడు గాడు.

పొరుగువారిని మఱచుటయు ధర్మము గాదు. గోడకు గోడ తగిలిన మన పేటలలో మృదంగపు మ్రోత గోడలను లెక్కపెట్టదు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు నివాసప్రాంతములకు పగలు 55, రాత్రి పదిగంటలనుండి ఆఱింటివఱకు 45 డెసిబెళ్ల హద్దును విధించినవి. మన చెవులకును హద్దు గలదు. వారమునకు 80 డెసిబెళ్లలో నలువదిగంటలు, 90లో నాలుగుగంటలు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. తక్కువ బిగ్గఱలోను సాహిత్యము, శ్రుతి, లయ నిండుగా వినిపించునదే గృహమునకు తగిన స్పీకరు. దుకాణములో దానిని మెల్లగా పెట్టించి వినుట మఱువకుడు.

మా మిత్రులు రెండవపర్యాయము ఈ విధముననే నడిచిరి. గదిని కొలిచిరి. మూడు చిన్నజతలను ఒక్కొక్కటిగా ఇంటికి దెప్పించి, ఎదుట ధోవతి వ్రేలాడగట్టి, భార్యను, మనుమరాలిని కూర్చుండబెట్టి వినిపించిరి. ముగ్గురును ఒక్కదానినే చూపిరి. అది మూడింటిలో వెల తక్కువది. నేడు సాయంకాలము ఆ యింట పాట మొదలైన ఎవరును లేచిపోవుట లేదు. పోయిన సొమ్ము మాత్రము తిరిగిరాలేదు. జీవితాంతము కూడబెట్టిన ధనమును, పుట్టినది మొదలు శ్రుతి యెఱిగిన చెవిని గల మనవారు, ఆ రెంటిని నొక్క గడియలో పరుల మాటకు అప్పగింపకుందురు గాక యని కోరుచున్నాము. టేపును, కంఠస్థమైన నాలుగు పాటలను, ఒక ధోవతిని వెంట గొని అంగడికి బొండు. తీర్పు ఇంటివారి చెవులు చెప్పును.