పొట్ట చేత పట్టుకొని

దేశం ఆదాయం ఏటేటా పెరుగుతున్నదని పత్రికల్లో చదువుతూనే వున్నాం; మరి మా అబ్బాయికి వుద్యోగం దొరకదేం? అని అడిగే తల్లిదండ్రులు ప్రతి వీధిలోనూ వున్నారు. చిత్రమేమిటంటే, కూలివాడు అడిగేదీ ఆ ప్రశ్నే.

జనం పొలం వదిలి పరిశ్రమల్లోకి వెళ్ళడం అభివృద్ధికి గుర్తు అంటారు అర్థశాస్త్రజ్ఞులు. మన దగ్గర బండి కొంత వెనక్కి నడిచింది. 2018-19 లో పని చేసేవారిలో నూటికి 42 మందికి పైగా సేద్యం మీద వున్నారు. 2020 లో కరోనా వచ్చి పట్నాలు మూతపడగానే ఎందరో మూటా ముల్లె నెత్తిన పెట్టుకొని వూళ్ళకు నడిచారు. 2023-24 ప్రభుత్వ లెక్కల్లో ఆ సంఖ్య 46. ఈ పెరిగినవారిలో చాలామంది సొంత పొలంలో జీతం బత్తెం లేకుండా పాటుపడే ఆడవాళ్ళే. దేశాదాయంలో సేద్యం వంతు, పాతకాలపు లెక్కలో చెప్పాలంటే, రూపాయికి మూడణాలు. ఆ మూడణాలనే దాదాపు సగంమంది పంచుకోవాలి!

మరి పెరిగిన ఆదాయం ఎక్కడిది? చాలా భాగం సాఫ్ట్‌వేరు, బ్యాంకులవంటి వాటిలోది. వాటికి బాగా చదువుకున్న కొద్దిమంది చాలు. కొత్త ఫ్యాక్టరీ పెట్టినా మనుషులకంటె యంత్రాలే ఎక్కువ. చదువులేని చేతులను పెద్ద యెత్తున పిలిచేది కట్టడాల పని. అది ముగిస్తే మళ్ళీ ప్రయాణమే.

అందుకే పాలమూరు కూలీ పొట్ట చేత పట్టుకొని ముంబాయి వెళతాడు. ఒడిషాలోని బలంగీర్ నుంచి భార్యాబిడ్డలతో మరొకడు తెలంగాణా ఇటుక బట్టీలకు వస్తాడు. ముందుగా తీసుకున్న బయానా తీరేదాకా బట్టీయే అతని ఇల్లు. వానలు పడితే తిరిగి స్వగ్రామం. మరుసటి ఏడు మళ్ళీ బయానా. ఇన్ని వందల మైళ్ళు తిరిగినా అతను ఒక్క మెట్టు పైకెక్కడు.

అతన్ని వూళ్ళోనే వుండిపొమ్మనడం న్యాయం కాదు. వెళ్ళినచోట నిలదొక్కుకోనివ్వాలి. 2022 నాటికి రేషను కార్డు ఏ రాష్ట్రంలోనైనా చెల్లే ఏర్పాటు జరిగింది, మంచిదే. ఇక బిడ్డల చదువు. కొన్ని బట్టీల దగ్గర ఒడియాలో పాఠాలు చెప్పే బడులు నడిపారు. ప్రతి బట్టీ దగ్గరా అలాంటిది వుండాలి. లేకపోతే తండ్రి తీసుకున్న బయానా రేపు కొడుకు తీసుకుంటాడు.

ఇది మనకెందుకు అనుకోకండి. కూలివాడు పండక్కి నాలుగు చొక్కాలు కొనగలిగితేనే మిల్లువాడు మరో మనిషిని పనిలో పెట్టుకుంటాడు, గుమాస్తాతో సహా. మీ అబ్బాయి వుద్యోగానికి దారి ఆ బట్టీ పక్కనుంచే వెళుతుంది.