తవ్వబడ్డాయట! ఎవరు తవ్వించారమ్మా?



పాఠ్యపుస్తకాల మీద రాసిన పోయిన భాగం చదివి, వికీపీడియా సంగతేంటని చాలామంది అడిగారు. ఇవాళ అదే.

నా దగ్గర డిగ్రీ చదివే ఒకమ్మాయి తెలుగు వికీపీడియా కోసం కొల్లేరు చేపల చెరువుల మీద వ్యాసం రాసింది. వాళ్లది కైకలూరు వైపు ఒక పేట. ఊరి పేరు రాయను. నా దగ్గరికి తెచ్చేలోపే ఆ చిత్తుప్రతిని ఒక పెద్దాయన చూశాడు. బాగా చదువుకున్నవాడే. పక్కన మూడు ముక్కలు రాశాడు: తటస్థత లేదు. కులం ఎందుకు? పక్షుల గురించి పెంచు.

పక్షుల గురించి పెంచాలట! ఆటపాక పెలికాన్‌ల మీద నాకేం కోపం లేదు. వాటి గురించి రాసేవాళ్లకి కొదవా లేదు.

ఆమె మొదటి వాక్యం ఇది: "కొల్లేరులో వేల ఎకరాల్లో చేపల చెరువులు తవ్వబడ్డాయి." పెద్దాయన దీని జోలికే పోలేదు. నేను ముందుగా గీత పెట్టింది దీనికే.

"తవ్వబడ్డాయి అని మీ ఇంట్లో ఎవరైనా అంటారా అమ్మా?"

"అనరు సార్. మేం తవ్వాం అంటాడు మా తాత. ఫలానా వాళ్లు తవ్వించారు అంటాడు."

తెలుగులో పీహెచ్‌డీ చేసినవాణ్ణి, వ్యాకరణం నాలుగు ముక్కలు చెప్పనివ్వండి. "తవ్వాం" అంటే చెమట ఎవరిదో తెలుస్తుంది. "తవ్వించారు" అంటే డబ్బు ఎవరిదో తెలుస్తుంది. "తవ్వబడ్డాయి" అంటే రెండూ మాయం. చేసినవాడికీ చేయించినవాడికీ మధ్య తేడాని ఒక్క 'ఇంచు'తో పట్టుకునే భాష మనది. బడి పాఠాల తెలుగు ఆ 'ఇంచు'ని లాగేసి 'బడు' చేతిలో పెట్టింది. దానికి తటస్థత అని పేరు.

ఇందులో పోయేదేంటో చూడండి. 1970లలో ప్రభుత్వమే పేద మత్స్యకారుల సంఘాలకీ దళితుల సంఘాలకీ కొల్లేరులో చెరువులు ఇచ్చింది. తర్వాత లీజుల పేరుతో అవి పెట్టుబడి ఉన్నవాళ్ల చేతుల్లోకి వెళ్లాయి. కాగితం మీద పేరు మనది, పంట వాళ్లది. 1999లో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అయింది. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ప్రభుత్వం గట్లు పేల్చేసింది. "ఆక్రమణలు తొలగించబడ్డాయి" అని ఒక్క వాక్యంలో ముగిస్తే, సంఘం పుస్తకంలో వేలిముద్ర వేసిన ముసలమ్మా, కార్లో వచ్చి లీజు రాయించుకున్న ఆసామీ ఇద్దరూ ఒకే "ఆక్రమణదారు" అయిపోతారు. ఆమె వ్యాసం రాసింది ఆ ఇద్దరినీ విడదీయడానికే.

ఇక కులం ఎందుకంటారా? సంఘాలు పెట్టినప్పుడు ప్రభుత్వం కులం చూసే పెట్టింది కదా. చెరువు ఇచ్చేటప్పుడు ఉన్న కులం, వ్యాసం దగ్గరికి వచ్చేసరికి ఎటు పోయింది?

అలాగని ఆమె రాసిందంతా బాగుందని భుజం తట్టలేదు. "దుర్మార్గులైన పెత్తందార్లు" అని రాసింది. దుర్మార్గులు కొట్టేశాను. లీజు ఎన్నేళ్లకి, ఎంతకి అని రాయమన్నాను. ఆ అంకె చేసే పని తిట్టు చేయదు. ఒకచోట "హరిజన సంఘాలు" అంది. పాత కాగితంలో అలాగే ఉంటే ఉటంకింపులో ఉంచు, నీ వాక్యంలో వద్దన్నాను. 1917లోనే బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన మనవాళ్లు 'పంచమ' అన్న పేరు కాదని 'ఆది ఆంధ్ర' అన్నారు. అంతకంటే పెద్ద దిద్దుబాటు నాకు తెలీదు.

వాళ్ల తాత చెప్పిన మాటలు రెండు పేరాలు ఉన్నాయి. తీసెయ్యమన్నాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ మౌలిక పరిశోధన కూడదన్నది వికీపీడియా నియమం, మంచి నియమమే. లేకపోతే రేపు ఆ లీజుదారు మనవడు కూడా తాత చెప్పాడని రాస్తాడు. నా గొడవ నియమంతో కాదు, అది అందరి మీదా ఒకేలా పడకపోవడంతో. గుడి స్థలపురాణానికి "అని ప్రతీతి" చాలు. పేట మాటకి మాత్రం పత్రిక పేరు, తేదీ, పేజీ నంబరు! ఏ ఊరి పేజీ అయినా తెరవండి, 2011 జనగణన ప్రకారం షెడ్యూల్డ్ కులాలు ఇంతమంది అని ఉంటుంది. అంకెగా ఉన్నాం, క్రియ మాత్రం లేదు.

2017లో పాలకోడేరు మండలం గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం పెట్టినందుకు దళితుల్ని వెలివేశారు. దాన్ని "ఇరువర్గాల వివాదం" అనడం తటస్థతా? పనుల్లోంచి తీసేసింది ఒక వర్గం, పని పోయింది ఇంకో వర్గానికి.

1923లో కొమర్రాజు లక్ష్మణరావు గారు పోయేనాటికి ఆయన విజ్ఞాన సర్వస్వం తొలి అక్షరాల దగ్గరే ఉంది. కాగితం, అచ్చు, డబ్బు, అన్నీ ఇబ్బందే అప్పుడు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాకి ఆ ఇబ్బంది లేదు. చోటు లేదనే సాకు పోయింది కాబట్టే తటస్థత సాకు పట్టుకున్నారు.

తీసేసిన ఆ రెండు పేరాల్ని విడిగా వ్యాసం చేయమన్నాను. ఒక పత్రికకి పంపుదాం. అచ్చయ్యాక అదే మూలం అవుతుంది, ఎవరైనా ఉదహరించొచ్చు. ఈలోగా మొదటి వాక్యం మారింది: "ప్రభుత్వం సంఘాలకిచ్చిన చెరువుల్ని పెట్టుబడిదారులు లీజుకి తీసుకున్నారు, కొత్త చెరువులు తవ్వించారు." దీనికి మూలాలు వెతుకుతోంది. కైకలూరు 2022 దాకా కృష్ణా జిల్లాలో ఉండేది కాబట్టి సమాచార హక్కు దరఖాస్తులు ఏలూరుకీ మచిలీపట్నానికీ రెండుచోట్లకీ పెడుతున్నాం. మీ ఇళ్లలో పాత సొసైటీ పుస్తకాలు, లీజు కాగితాలు, 2006 నాటి పేపరు కటింగులు ఉంటే ఫొటో తీసి నాకు పంపండి. తేదీ కనపడేలా తీయండి.