కడపటివాని వేగము

కార్తీకము వెడలి మార్గశిరము ప్రవేశించినది మొదలు, శివరాత్రికి చలి శివశివా యని సాగిపోవువఱకు గల మూడు నెలలును హైదరాబాదువంటి పీఠభూమి నగరమున సైకిలు త్రొక్కువారికి పంటకాలము. తెల్లవాఱుజామున పదునాలుగు పదునైదు డిగ్రీల చలి, ఊరు దాటినచో అంతకంటెను తక్కువ. మంచుకు దుమ్మణగిన బాట. నుదుట చెమట పొడముటకు ముందే పది కిలోమీటర్లు గడచిపోవును. ఇట్టి కాలమున మన సైకిలు సంఘములలోని కొందఱు మిత్రులు తలుపులు మూసికొని, యంత్రమునకు బిగించిన సైకిలుపై కూర్చుండి, ఎదుట తెరపై కదలు బొమ్మబాటను చూచుచు చెమటలు కార్చుచుండుట కనుగొని మొదట ఆశ్చర్యపడితిని. కారణము తెలిసికొని పిదప నవ్వుకొంటిని. వారు కొన్న శిక్షణ ప్రణాళిక మంచు కురియు దేశమున వ్రాయబడినది. అందు డిసెంబరు ఇంటిపట్టున నుండవలసిన నెల. ఏప్రిలు, మే నెలలు కాళ్ళు పదునుపెట్టి బయట విజృంభింపవలసిన నెలలు. రోహిణికార్తెలో మనకు రోళ్ళు పగులునను సంగతి ఆ ప్రణాళికాకర్త యెఱుగడు, ఎఱిగియుండవలసినవాడు కొన్నవాడు.

అయినను ఇది పెద్ద దోషము కాదు; క్యాలెండరు త్రిప్పిపెట్టుకొన్నచో సరిపోవును. అంత సులభముగా సవరింపరాని అలవాటు వేఱొకటి కలదు. ప్రతి ఆదివారపు సామూహికయాత్రకును ముందు, శనివారము సాయంకాలమున వాట్సాప్‌లో ఒక ప్రకటన వచ్చును: దూరమింత, సగటు వేగమింత, బయలుదేరుట ఐదున్నరకు, టిఫిను ఫలానా చోట. ముందు నడిపించువాని పేరుగూడ నుండును. చిట్టచివర వచ్చువాడెవడు, వానికి తోడుండువాడెవడు అను రెండు సంగతులు మాత్రము నేను చూచిన ప్రకటనలలో మిక్కిలి అరుదు. సంఘముగా బయలుదేరునప్పుడు ప్రణాళికను కడపటివాని యొద్ద ప్రారంభించి ముందునకు కూర్చుకొనుచు రావలెననియు, శీతకాల శిక్షణలో అధికభాగము ఆ కడపటివాని వేగముననే జరుగుట బలవంతునకుగూడ మేలనియు నా దృఢాభిప్రాయము. ఇది నాకు గ్రంథములవలన అబ్బినది కాదు. ఒక యిడ్లీ పళ్ళెము వలన అబ్బినది.

కొన్ని యేండ్ల క్రిందట పుష్యమాసపు ఆదివారమొకనాడు మేము పదునలుగురము వికారాబాదు త్రోవను బయలుదేరితిమి. అందొకడు క్రొత్తవాడు; బ్యాంకు గుమాస్తా; మొదటి జీతములు కూడబెట్టి గేర్ల సైకిలు కొనుక్కొన్నవాడు; బయలుదేరునపుడు అందఱి సీసాలలోను నీళ్ళున్నవా యని తానే అడిగి తిరిగిన మర్యాదస్థుడు. మొయినాబాదు దాటువఱకు మాతోనే యుండెను. అటుపిమ్మట వేఱొక సంఘమువాడెవడో ఈల వేసికొనుచు మమ్ము దాటిపోగా, ముందున్న మేమిద్దఱము వానిని పట్టుకొనవలెనను చాపల్యమున వేగము పెంచితిమి. మమ్ము పట్టుకొనుటకై వెనుకవారు పెంచిరి. వారిని పట్టుకొనుటకై వారి వెనుకవారు పెంచిరి. చేవెళ్ళ చేరి, టిఫిను దుకాణమున పదునాలుగు ప్లేట్లు చెప్పి, పొగలు గ్రక్కు ఇడ్లీలు వచ్చి, కారప్పొడిపై నెయ్యి పడి, అందఱు తమ తమ పళ్ళెములు లాగికొన్నపిమ్మట, ఒక పళ్ళెము మాత్రము ఎవరి ముందును లేక బల్ల నడుమ ఆవిరి విడుచుచు నిలిచిపోయినప్పుడుగాని మాలో నొకడు తక్కువైనాడని మాకు తెలియలేదు. వెంటనే వానికి ఫోను చేసితిమి. మాలో నొకని వీపుసంచిలోనే అది మ్రోగెను. చొక్కాకు జేబు లేదని ఉదయము వాడే అందుంచినాడట.

గంటసేపటికి ఒక ట్రాక్టరు దుకాణము ముందర ఆగినది. ట్రాలీలో సైకిలు, సైకిలు ప్రక్కన మా గుమాస్తా. తోలుచున్న పెద్దమనిషి దిగివచ్చి, మా రంగురంగుల చొక్కాలను నఖశిఖపర్యంతము చూచి, "మీ పిల్లగాడేనా సారూ? మర్రిచెట్టు కాడ ఒక్కడే కూసున్నడు. టైరు పంచరైందంట. ఇంతమంది పోయిన్రు గద, ఒక్కలన్న ఎనక్కి తిరిగి సూడలేదా?" అని యడిగెను. మాలో ఎవరికిని నోరు పెగలలేదు. గుమాస్తా చల్లారిన యిడ్లీలు తినెను. తన వంతు డబ్బు చిల్లరతో సహా లెక్కపెట్టి యిచ్చెను. సైకిలును పల్లెవెలుగు బస్సుపై కెక్కించుకొని, అందఱికిని నమస్కారము పెట్టి వెడలిపోయెను. మరల మా సంఘమునకు రాలేదు.

ఆనాడు మేము సంపాదించినదేమో లెక్కవేయుదము. ఇరువది కిలోమీటర్ల దూరమును గంటకు 30 కిలోమీటర్ల వేగముతో గడచువానికి 40 నిమిషములు పట్టును. 22 కిలోమీటర్ల వేగముతో గడచువానికి 55 నిమిషములకు ఒకింత తక్కువ. లాభము పదునైదు నిమిషములు. చెమట తడిసిన చొక్కాతో టీ కొట్టు ముందర గజగజ వణకుచు నిలుచుటకు దక్క ఆ పదునైదు నిమిషములు వేఱొకందులకు పనికిరావు. వెల మాత్రము గొప్పది. గాలి యొత్తిడి వేగముయొక్క వర్గమునుబట్టి పెరుగును; వేగము రెట్టింపైనచో ఆ యొత్తిడి నాలుగింతలగును. జట్టులో చక్రము వెనుక చక్రముగా పోవువానికి ముందువాడు గాలిని చీల్చిపెట్టును. జట్టునుండి నాలుగు బారలు జారినవానికి ఆ మఱుగు లేదు. అనగా ముందున్నవాడు ఉబలాటముకొలది పెంచిన వేగమునకు వెల చెల్లించువాడు, అందఱికంటెను బలహీనుడై, అందఱి వెనుకను ఒంటరిగా గాలిని మోయుచున్నవాడు. ఎద్దులబండి తోలువాడుకూడ ఇంత అన్యాయముగా కాడి కట్టడు.

దూరప్రయాణపు సైకిలు సంప్రదాయము పుట్టుక యిందుకు విరుద్ధమైనది. 1897లో ఇటలీదేశపు సైకిలువారు కొందఱు రోము నుండి నేపుల్సు వఱకు గల 230 కిలోమీటర్లను సూర్యోదయ సూర్యాస్తమయముల నడుమ ముగించి, సాహసియను నర్థముగల 'ఆడాక్స్' అను లాటిను పేరు వహించిరి. 1904 నాటికి ఆ పద్ధతి ఫ్రాన్సున వేళ్ళూనినది. ఆ సాహసుల నియమమేమన, జట్టునకు ముందు ఒక మార్గనాయకుడుండును. వానిని దాటి యెవరును పోరాదు. అందఱును ఒక్కటిగా పోయి ఒక్కటిగా చేరవలెను. నేటికిని ఆ శాఖవారు గంటకు 22.5 కిలోమీటర్ల కట్టుబాటు వేగముతోనే సాగుదురు. ఎవరి వేగమున వారు పోవు రెండవ పద్ధతి 1921లో వచ్చినది. మన దేశమున శీతకాలమంతయు జరుగు 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవేలు, అనగా గడువులోపల ముగింపవలసిన దూరయాత్రలు, ఈ రెండవ శాఖవి. ఇందును గడువులెట్లున్నవో చూడుడు. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషములు. అనగా గంటకు పదునైదు కిలోమీటర్లు కూడ అక్కఱలేదు. 1891లో పందెముగా పుట్టి, ఇప్పుడు నాలుగేండ్లకొకసారి జరుగు పారిస్-బ్రెస్ట్-పారిస్ యాత్రలో 1200 కిలోమీటర్లకు 90 గంటలు. సగటు పదుమూడు పైచిలుకు. 2023లో జరిగిన యా యాత్ర మరల 2027లో రానున్నది గనుక, దానికై మన సంఘములలో ఉవ్విళ్ళూరుచున్నవారు పలువురు. వారికి నేను చెప్పునది ఈ చిన్న లెక్కయే: గంటకు 20 కిలోమీటర్లు త్రొక్కువాడు 200 కిలోమీటర్లను పది గంటలలో ముగించి మూడున్నర గంటలు చేతిలో నుంచుకొనును. నేనెఱిగినంతలో గడువు తప్పినవారిని ముంచినవి వారి కాళ్ళు కావు. అరగంట అనుకొని గంటన్నర కూర్చున్న భోజనములు, తొలి యేబది కిలోమీటర్లలో చూపిన శూరత్వము.

బలవంతులు ఆక్షేపింతురు: నెమ్మదిగా పోయినచో మా శక్తి క్షీణింపదా? నార్వేలో పనిచేయుచున్న స్టీఫెన్ సైలర్ అను శాస్త్రజ్ఞుడు అగ్రశ్రేణి క్రీడాకారుల శిక్షణను పరిశీలించి, వారి అభ్యాసములలో నూటికి ఇంచుమించు ఎనుబది శ్రమ తెలియనంత తేలికగా సాగుననియు, మిగిలిన కొద్దిపాలు మాత్రమే తీవ్రమైనవనియు చూపినాడు. కండరములలో సూక్ష్మరక్తనాళములు వృద్ధిపొందుటయు, శరీరము కొవ్వును ఇంధనముగా వాడుకొన నేర్చుటయు దీర్ఘమైన మందగతివలన కలుగు ఫలములు. ఆ గతిని కొలుచుటకు వేలు పోసి కొన్న యంత్రములతో పనిలేదు. ప్రక్కవానితో ఒక పూర్తి వాక్యమును ఊపిరి తెగకుండ చెప్పగలిగిన అదియే సరియైన వేగము. (రాజకీయములు మాట్లాడినచో ఈ పరీక్ష చెడును, నాడి దానంతటదియే చెలరేగును.) ఇక మిగిలిన యిరువది పాళ్ళకు వారము నడుమ ఒక దినము చాలును. అందులకు 2023 అక్టోబరు 1న ఔటర్ రింగు రోడ్డు ప్రక్కన తెరచిన, సౌరఫలకముల కప్పుగల 23 కిలోమీటర్ల సైకిలుబాట యుండనే యున్నది. ఉద్యోగమునకు పోవువానికి దానివలన కలిగిన సుఖమెంతయో సందేహమే గాని, లారీ భయము లేకుండ రొమ్ము పగులునట్లు త్రొక్కవలెనన్నచో అంతకంటె తగిన చోటు నగరమున లేదు. ఆదివారము మాత్రము సంఘముది.

త్రోవను నిర్ణయించుట వేగనిర్ణయము కంటెను సూక్ష్మమైన విద్య. మన సంఘములకు పడమటి బాట యనిన ప్రాణము. 1908 నాటి మూసీ వరదల పిమ్మట 1920లో కట్టిన గండిపేట చెఱువుగట్టు, దానిని దాటినచో చేవెళ్ళ మార్గమున, నఱకవలదని పౌరులు ఏండ్ల తరబడి మొఱపెట్టుకొనిన సుమారు 900 మర్రిమ్రాకుల నీడ, ఆ పైన మూసీ జన్మస్థానమైన అనంతగిరి కొండలు. చూచుటకింత మనోహరమైన ఈ బాటలో ఒక మాయ యున్నది. శీతకాలమున ఇచ్చట గాలి తఱచుగా తూర్పునుండి వీచును. పడమరకు పోవుచున్న క్రొత్తవాడు వీపున గాలి త్రోయుచుండగా, తన కాళ్ళలో ఇంత సత్తువ ఇంతకాలమెచ్చట దాగినదో యని మురిసిపోవును. తొమ్మిదింటికి మరలినప్పుడు ఆ గాలియే యెండతో జతగూడి ముఖముపై గొట్టును. కావున మరలవలసిన చోటును, వాడు ఉత్సాహముగా నున్న క్షణమున గాక, ముందుదినమే నిర్ణయింపవలెను; అదియు వానిలో సగముకంటె ఎక్కువ బలము మిగిలియుండు చోటున.

మఱియొకటి. ఈ యాత్రల తొలి వారములు రైతు వానకాలపు వరి కోసి నూర్చుకొను వారములు. కళ్ళములు చాలక వడ్లను రోడ్డుపై సగము మేర ఆరబోసి, రాత్రి టార్పాలిన్లు కప్పి, అవి యెగిరిపోకుండ అంచులవెంబడి రాళ్ళు పెట్టుదురు. ఆ వారములలో సూర్యోదయము ఆరున్నర ప్రాంతమున. ఐదున్నరకు బయలుదేరిన జట్టు చాలసేపు చీకటిలో నుండును. ఆ రాళ్ళు కనబడవు. కవులు వర్ణించిన హేమంతపు మంచు వానిని మఱింత మఱుగుపఱచును. రోడ్డున్నది వాహనములకే యను వాదము చట్టమునకు సరిపడవచ్చునుగాని, ఆ వడ్ల అన్నము తిని బయలుదేరినవాని నోట అది శోభింపదు. ఆ బాటల వంకకు తెలవాఱిన పిదపనే పోవునట్లు వేళ మార్చుకొనుట మన పని. అట్లే ధనుర్మాసమున పల్లెలు దాటునప్పుడు ఇంటిముంగిట వీధి సగమువఱకు పరచుకొన్న ముగ్గులుండును. వానిపై చక్రము పోనీయరాదను నియమమును మా సంఘమున ఒక పెద్దాయన పెట్టినాడు. మొదట నవ్వితిమి, ఇప్పుడు ముగ్గు కనబడగనే ముందువాడు "ముగ్గు!" అని కేకవేయును, గుంత వచ్చిన "గుంత!" అని కేకవేసినట్లే.

దీపముల మాట చెప్పక తప్పదు. గంటకింతయని అద్దె సైకిళ్ళు దొరకు నా బాల్యమున, చీకటిపడిన తరువాత దీపము లేని సైకిలు కనబడినచో పోలీసు ఆపి చక్రములలో గాలి తీసివేసెడివాడు; డైనమో టైరునకు రాచుకొని చేయు రొదతో, త్రొక్కిన మేర వెలిగి ఆగిన మేర ఆరు గ్రుడ్డిదీపము ఆనాటి సైకిలునకు తప్పనిసరి అలంకారము. లక్ష రూపాయల సైకిలు కొని మూడువందల వెనుకదీపము కొననివాడు నేడు సంఘములలో నున్నాడు. అతనిని బయలుదేరనీయక యింటికి పంపుట నాయకునకు అప్రియమైనను విధి. జట్టు పదిమందికి మించినచో రెండుగా విడగొట్టి, నడుమ బస్సు దూరి తప్పుకొనునంత యెడముంచవలెను. లేనిచో వెనుక హారను మ్రోగించు డ్రైవరును నిందించు హక్కు మనకు లేదు.

ఈ యేడు ప్రణాళిక వ్రాయు పని మా సంఘమువారు నాకప్పగించిరి. కార్తీకపౌర్ణమి దాటిన ఆదివారమున గండిపేట చుట్టు 40 కిలోమీటర్లు. పిదప వారమునకు పదునైదు కిలోమీటర్లకు మించని పెంపు. ప్రతి నాల్గవ వారమున తగ్గింపు. సంక్రాంతి వారమున ఎవరి యూరికి వారు. మాఘమున 150 చేరినవానిని శివరాత్రికి ముందు 200 భయపెట్టదు. ప్రతి యిరువది కిలోమీటర్లకు ఒక చోట ఆగి తలలు లెక్కపెట్టుట, టిఫిను చెప్పుటకు ముందే. కాగితమున గళ్ళు గీసి, మొదటి గడిలో ఎప్పటివలె నాయకుని పేరు వ్రాయబోయి ఆగి, దానిని కడకు జరిపి, మొదటి గడికి 'వెనుక నుండువాడు' అని శీర్షిక పెట్టితిని. తొలి ఆదివారమునకు ఎదురుగా నా పేరే వ్రాసికొంటిని. రెండు ట్యూబులు, ఒక పంపు, టైరులు విప్పు గరిటెలు, చిల్లర డబ్బు సంచిలో సర్దిపెట్టినాను. ఆ గుమాస్తా ఫోను నెంబరు నా యొద్ద ఇంకను ఉన్నది. ఆ వారము పిలువవలెనని యున్నది.