ఇంటి ముంగిట డీజిల్ వడపోత

పాఠక మిత్రులు గత సంచికలో నీటిపంపు మరమ్మత్తును చదివియున్నారు. ఈ మారు పికప్ బండి వంతు వచ్చినది.

గాజియాబాద్‌లో మా పొరుగున నివసించు మిత్రుని కుమారుడు 2019లో అప్పు చేసి ఒక పికప్ కొన్నాడు. తెల్లవారుజామున ఆజాద్‌పూర్ మండీకి పోయి కూరగాయలు తెచ్చి కాలనీ దుకాణాలకు అందజేయుట అతని జీవనోపాధి. గడచిన చలికాలంలో ఒక సాయంకాలం మా గుమ్మం ముందు నిలబడి, "బాబాయిగారూ, బండి ఫ్లైఓవర్ ఎక్కలేక ఆయాసపడుతున్నది. రేపు నాలుగింటికి మండీలో లేకపోతే ఇద్దరు దుకాణదారులు వేరొకరిని చూసుకుంటామన్నారు" అన్నాడు. మెకానిక్కు మరునాడు పదింటికి గాని రాడట. ఉద్యోగ జీవితమంతా యంత్రాల నడుమ గడిపిన మేము ఆ మాట విని ఊరకుండలేకపోయాము.

బరువు మీద శక్తి తగ్గుట, వేగం పెంచబోతే ఇంజను వెనుదీయుట వడపోత పూడుకొనుటకు సాధారణ లక్షణాలు. దీనికి ఢిల్లీ చలి తోడవుతుంది. డీజిల్‌లో సహజంగా ఉండే మైనపు పదార్థం చలికి స్ఫటికాలై ఫిల్టరు కాగితపు రంధ్రాలను మూసివేస్తుంది. అందువలననే మన దేశపు ప్రమాణాలలో చలికాలపు డీజిల్ 6 డిగ్రీల సెల్సియస్ వద్ద, వేసవి డీజిల్ 18 డిగ్రీల వద్ద వడపోతగుండా పారగలగాలన్న నియమం ఉన్నది. ఇక్కడి జనవరి రాత్రులు 6 డిగ్రీలకు దిగువకు పోవుట కద్దు. సగం ఖాళీ ట్యాంకులోని తేమ నీరై అడుగున చేరుట మరియొక బెడద.

పాతకాలపు లారీలలో రెండు గిన్నెల వడపోత ఉండేది. మొదటిది గుడ్డది, రెండవది కాగితపుది. 1951లో బెంగుళూరులో నెలకొన్న మైకో సంస్థ పేరే నాటి మెకానిక్కులకు డీజిల్ పరికరాలకు మారుపేరు. నేటి కామన్ రైల్ ఇంజన్లలో ఇంధన పీడనం వెయ్యి బార్లను మించుతుంది. ఇంజెక్టరు రంధ్రాలు మిల్లీమీటరులో ఐదవ వంతు కూడా ఉండవు. కంటికి కానరాని నలుసు చాలు, వేల రూపాయల నష్టం తెచ్చుటకు.

చల్లబడిన ఇంజను, సమీపమున నిప్పు లేకుండుట, క్రింద ఒక పళ్ళెము: ఇవి తొలి ఏర్పాట్లు. ఫిల్టరు పరిసరాలను గుడ్డతో తుడిచి, అడుగునున్న మరను వదులు చేసి గాజుసీసాలోకి దించగా డీజిల్ క్రింద రెండు చెంచాల నీరు తేటగా నిలిచినది. కుర్రవాడు నోరు వెళ్ళబెట్టాడు. పిదప పాత ఫిల్టరును విప్పాము.

ఇక్కడనే మేము పొరబడ్డాము. కొత్త ఫిల్టరులో ముందుగానే డీజిల్ నింపి బిగించుట మా వయసు వారి అలవాటు. క్యాను ఎత్తి నడిమి రంధ్రంలో పోసిన తరువాత గాని, అది వడగట్టిన ఇంధనం బయటకు పోవు దారి అని గుర్తుకు రాలేదు. ఆ మురికి తిన్నగా ఇంజనుకు చేరును! చిన్నబుచ్చుకొని, షట్టరు దించబోతున్న దుకాణానికి కుర్రవానిని పరుగెత్తించి రెండవ ఫిల్టరు తెప్పించాము. దాని వెల మేమే ఇచ్చుకొన్నామని వేరుగా చెప్పనక్కరలేదు.

రబ్బరు రింగునకు శుభ్రమైన డీజిల్ రాసి, పానాతో కాక చేతితోనే బిగించి, చేతిపంపును గట్టిపడువరకు నొక్కి గాలి తీశాము. పంపు నుండి ఇంజనుకు పోవు ఉక్కు గొట్టాల జోలికి మాత్రం ఇంటి వద్ద పోరాదు. ఆ పీడనం చర్మాన్ని చీల్చును. పెట్రోలు బండ్లకు ఈ ప్రయత్నమే వలదు. స్టార్టరును పది సెకన్లకు మించక త్రిప్పి, నడుమ విరామమిచ్చాము. మూడవమారు ఇంజను దగ్గి, తడబడి, నిలద్రొక్కుకొన్నది. కారుట ఎక్కడా లేదు.

పాత ఫిల్టరును, సీసాలోని మురికిని కాలువలో పోయక గ్యారేజీ వారి పీపాకు పంపాము.

తెల్లవారుజామున మూడున్నరకు పొగమంచులో బండి కదిలిన చప్పుడు విని, మేము మరల రజాయి కప్పుకొన్నాము.